అవమానితుని యహంకారము

మాటలకును గ్రహచారము లుండును. స్వరాజ్యోద్యమపు తొలినాళ్లలో మనవారు గోఖలే వంటి శాంతచిత్తులను మితవాదులనిరి. నేటి పత్రికలలో "తీవ్ర మితవాద"మను పేరు కానవచ్చుచున్నది. దానియందు మితమనునది లేశమైనను లేదు. 1789లో ఫ్రాన్సు దేశపు జాతీయసభయందు రాజపక్షమువారు అధ్యక్షునకు కుడివైపున కూర్చుండుటచేత పుట్టిన పేరు మన భాషలోనికి వచ్చునప్పటికి ఇట్లు రూపు మాఱినది. మేము పేరును గూర్చి తగవులాడబోము. తన జాతియే ఉత్తమమనియు, దాని పతనమునకు లోపలి ద్రోహులును పరజాతులును మాత్రమే కారణమనియు, ఒక్క నాయకుని చేతిలో సర్వాధికారము నుంచిననే గాని దానికి ఉద్ధరణము లేదనియు చెప్పు రాజకీయమును గుఱించి వ్రాయుచున్నామని చదువరులు గ్రహించిన చాలును.

ఇట్టి రాజకీయమును క్రూరులు కోరుదురనుటలో వింత లేదు. కొరడా పట్టగోరువాడు కొరడాకు అధికారమిచ్చు ప్రభుత్వమునే కోరును. వింతయైన ప్రశ్న వేఱొకటి కలదు. బిడ్డలను ప్రేమతో పెంచువారు, చేసిన అప్పు తీర్చువారు, పొరుగింట చావు కలిగినచో తమ పని మాని పరుగెత్తువారు, చదువుకొన్నవారు, దైవభక్తులు, వీరు దానిని ఏల కోరుదురు? ఒకరిద్దఱు గాక లక్షలకొలది ఏల కోరిరి? నీతిశాస్త్రమునకు దుష్టుని దుష్కార్యము కంటె మంచివాని దుష్కార్యమే కఠినమైన సమస్య. దుష్టునినుండి మనము దూరముగా నుండగలము. మంచివానినుండి దూరముగా నుండజాలము. ఏలయన తఱచుగా అతడు మన బంధువు, మన స్నేహితుడు, ఒక్కొక్కప్పుడు మనమే.

ఈ ప్రశ్నకు లోకములో రెండు ఉత్తరములు వాడుకలో నున్నవి. ఆకలిచేత కోరుదురని కొందఱందురు. అజ్ఞానముచేత కోరుదురని మఱికొందఱందురు. రెండింటను కొంత నిజము కలదు. కాని ఈ రెండును ఉత్తరమిచ్చువానికి ఒక సౌఖ్యమును గూర్చును. తాను ఆకలిగొన్నవాడు కాడు, తాను అజ్ఞానియు కాడు. కావున ఈ రోగము తన గుమ్మము తొక్కదని అతడు నిశ్చింతగా నిద్రించును. చెప్పువానికి ఇంత హాయి నిచ్చు ఉత్తరమును ఒకసారి ఒరసి చూచుట మంచిది. ఒరసి చూచుటకు మేము జర్మనీ దేశపు కథను గైకొనుచున్నాము. ఏలయన ఆ దేశమున జరిగినదానికి లెక్కలును, సాక్ష్యములును, సమర్థించినవారు స్వహస్తములతో వ్రాసిన కాగితములును మిగిలియున్నవి.

1928 మే నెలలో జరిగిన ఎన్నికలలో హిట్లరు నాజీ పార్టీకి నూటికి మూడు వోట్లయినను రాలేదు. శాసనసభలో 12 స్థానములు మాత్రమే దక్కెను. 1930 సెప్టెంబరులో నూటికి 18 వోట్లు వచ్చి 107 స్థానములు దక్కినవి. 1932 జూలైలో నూటికి 37 వోట్లు, 230 స్థానములు. నాలుగేండ్లలో, ఎవరును పట్టించుకొనని గుంపు ఆ దేశమునందెల్ల పెద్ద పార్టీ యయ్యెను. ఈ నడుమ 1929లో అమెరికాలో పుట్టిన ఆర్థికమాంద్యము జర్మనీని క్రుంగదీసెను. 1932 మొదట అచట పనిలేనివారు 60 లక్షలు. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచినచో ఆకలియే కారణమను వాదము గెలిచినట్లే తోచును.

కాని వోట్లు ఎవరివో విచారించిన పండితులు చెప్పునది వేఱుగా నున్నది. పనిలేక వీథిని పడిన కార్మికులలో ఎక్కువమంది నాజీలవైపునకు గాక కమ్యూనిస్టులవైపునకు మొగ్గిరి. పలువురు తమ పాత సోషలిస్టు పార్టీనే అంటిపెట్టుకొనిరి. నాజీలకు నిండుగా వోట్లు పోసినవారు ప్రొటెస్టంటు పల్లెలలోని రైతులు, చిన్న పట్టణములలోని అంగడివారు, స్వంతముగా చేతిపని చేసికొనువారు, చిన్న ఉద్యోగులు, పింఛనుదారులు. సుమారు పదివేల జనాభా గల నార్ట్‌హైము పట్టణపు చరిత్రను విలియం షెరిడన్ ఆలెన్ అను అమెరికా చరిత్రకారుడు వీథివీథి విచారించి 1965లో ప్రకటించెను. ఆ పట్టణమున మాంద్యము నిజముగా దెబ్బకొట్టినది కార్మికులను. అంగడివారును ఉద్యోగులును చాలవఱకు తమ అన్నము తాము తినుచునే యుండిరి. వారిని పట్టినది ఆకలి కాదు, భయము. గోతిలో పడినవాని దుఃఖము వేఱు, గోతి అంచున నిలిచి క్రిందికి చూచువాని వణుకు వేఱు. నాజీలకు బలమైనది రెండవదే.

ఆ వణుకునకు వెనుక నొక చరిత్ర కలదు. 1918 వఱకు జర్మను ప్రజలకు యుద్ధమున తామే గెలుచుచున్నామని పత్రికలు చెప్పుచు వచ్చినవి. హఠాత్తుగా ఓటమి వార్త వచ్చెను. 1919లో వేర్సాయి సంధిపత్రమునందలి 231వ ప్రకరణము యుద్ధమువలన కలిగిన నష్టమున కంతకును జర్మనీయే బాధ్యురాలని వ్రాసెను. పిదప 1923లో నాణెము కరగిపోయెను. యుద్ధమునకు ముందు నాలుగు మార్కులకు పైచిలుకునకు ఒక డాలరు వచ్చెడిది. ఆ సంవత్సరము నవంబరులో ఒక డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు. ముప్పది యేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్ము ఒక రొట్టెకు చాలకపోయెను. అప్పుచేసి ఆస్తి కొన్నవాడు బాగుపడెను. పొదుపు చేసినవాడు చెడెను.

ఇచట పోయినది ధనము మాత్రము కాదు. నీతిగా బ్రతికినవానికి లోకము నీతిగా బదులిచ్చునను నమ్మకము పోయెను. మనుష్యుడు దరిద్రమును సహింపగలడు. మన పల్లెలలో దరిద్రమును గంభీరముగా మోసిన పెద్దలను మనమెఱుగుదుము. తన జీవితము నవ్వులపాలైనదను తలంపును మాత్రము సహింపలేడు. నాజీ వక్తలు మొట్టమొదట కనిపెట్టినది ఈ గాయమును. ఇతరపక్షములవారు కొందఱు పన్నులను గుఱించియు, మఱికొందఱు వర్గపోరాటమును గుఱించియు ఉపన్యసించుచుండగా, వీరు వేదికనెక్కి, "నీవు అవమానింపబడితివి, ఆ అవమానమునకు నీవు తగవు" అనిరి. ఈ రెండు మాటలును నిజమే. అసత్యము మూడవ మాటలో నుండెను: "నిన్ను అవమానించినవాడు అడుగో." మొదటి రెండు మాటలు నిజమగుటచేత వినువాడు మూడవదానిని పరీక్షింపక మ్రింగెను.

ఆ వ్రేలు చూపినది యూదులవైపునకు. 1933లో జర్మనీయందు యూదులు సుమారు 5 లక్షలు. నూటికి ఒక్కరైనను లేరు. మొదటి మహాయుద్ధమున ఆ దేశము పక్షమున సుమారు లక్షమంది యూదులు సైన్యమున చేరి పోరాడిరి. వారిలో ఇంచుమించు 12 వేలమంది చనిపోయిరి. అట్టివారు వెనుకనుండి పొడిచిరి గనుకనే సైన్యమోడిపోయినదని ప్రచారము జరిగెను. సైన్యమును ఓడించినది రణరంగమే. ఓటమిని తెచ్చిపెట్టిన సేనాధిపతులు దాని బాధ్యతను సంధికి సంతకము పెట్టిన ప్రజాపక్షనాయకుల నెత్తిన వేసి తాము తప్పుకొనిరి. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లను మన సామెత ఒక యింటి కోడలిని గుఱించి పుట్టినది. ఒక మహాజాతికిని అది వర్తించునని ఆ దినములలో తేలినది. దుత్త పగులును. అత్త ఎప్పటివలెనే యుండును. కోపము మాత్రము తీఱినట్లుండును.

కోపము తీఱుటయే గాక మఱొక లాభము కూడ కలిగెను. దానికి గొప్పతన మను పేరు పెట్టిరి. పుట్టుకచేతనే గొప్పవాడవని చెప్పినచో మనుష్యుడు ఏ పనియు చేయనక్కఱలేకయే గొప్పవాడగును. దీనికి మన యింటి వస్తువులు రెండు అరువుపోయినవి. మన గృహిణులు ముగ్గులలో దిద్దునట్టియు, మన వర్తకులు క్రొత్త లెక్కల పుస్తకపు మొదటి పుటయందు శుభముగా వ్రాయునట్టియు స్వస్తికము 1920లో నాజీ పార్టీ జెండాపై కెక్కెను. సంస్కృతమునందలి "ఆర్య"శబ్దము, ఐరోపా పండితులు ఒక భాషాకుటుంబమును సూచించుటకు వాడిన మాట, రక్తమునకు పేరయ్యెను. భాష నేర్చుకొనిన వచ్చును, మఱచిన పోవును. రక్తమునకు నేర్పుతో పని లేదు. ఏమియు సాధింపలేకపోతినను దిగులుతో నున్నవానికి, సాధించుటతో నిమిత్తము లేని గౌరవము దొరకినచో, దానిని తెచ్చియిచ్చినవాడు అతనికి దేవుడే.

ఈ విషయమున ఎరిక్ ఫ్రామ్ అను మనస్తత్వవేత్త చెప్పినది ఆలోచింపదగినది. ఆయన జర్మనీలో పుట్టిన యూదుడు. నాజీల రాకతో అమెరికాకు వలసపోయి, 1941లో స్వేచ్ఛనుండి పాఱిపోవు మనుష్యుని గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను. పాత కట్టుబాట్లు తెగినప్పుడు మనుష్యుడు స్వతంత్రుడగును, కాని ఒంటరివాడును అగును. ఆ ఒంటరితనమును భరింపలేనివాడు తన స్వేచ్ఛను తానే మఱొకరి పాదములకడ నుంచునని ఆయన వాదము. అట్టివానికి పైవానికి లొంగుటయందును క్రిందివానిని లొంగదీయుటయందును ఒకేసారి ఆనందము కలుగును. జర్మనులే యిట్టివానిది సైకిలు త్రొక్కువాని స్వభావమని పరిహసించెడివారు: పైకి నడుము వంచును, క్రింద కాళ్లతో త్రొక్కును.

ఇంతవఱకు చెప్పినది కారణములను గుఱించి. ఇక మా మనస్సును ఎక్కువగా కలతపెట్టిన సాక్ష్యమును చెప్పవలసియున్నది.

1934లో థియోడోర్ ఆబెల్ అను సమాజశాస్త్రజ్ఞుడు, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు, జర్మనీలో ఒక వ్యాసపు పోటీ పెట్టెను. హిట్లరు అధికారమునకు రాకముందే ఆ పార్టీలో చేరినవారు తమ జీవితకథను వ్రాసి, ఏల చేరితిమో చెప్పవలెను. మంచివానికి మొత్తము 400 మార్కుల బహుమానములు. 683 రచనలు వచ్చినవి. బహుమానము కొఱకును, గెలిచిన పక్షమునకు నచ్చునట్లును వ్రాసినవగుటచేత వానిని ఆచితూచియే చదువవలెను. అయినను వ్రాసినవారు తమకు తెలియకయే తమ హృదయములను తెఱచి చూపిరి. యుద్ధమునుండి తిరిగివచ్చినప్పుడు కలిగిన అవమానము, పని పోయినప్పటి దిగులు, దేశమునందలి కలహములపై రోత, ఒకనాటి సభలో నాయకుని ఉపన్యాసము విని హఠాత్తుగా పొందిన సంతోషము, తనవంటివారు వేలకొలది యున్నారను ధైర్యము, కూలియు గుమాస్తాయు భుజము భుజము కలిపి నడచిన ఊరేగింపులు, ఇవి వానిలో మరల మరల కానవచ్చును.

ఆ వ్యాసములలో సగమునకు మించినవానియందు యూదులపై ద్వేషమును సూచించు మాటయే లేదని ఆబెల్ 1938లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. పీటర్ మెర్కల్ అను మఱియొక పండితుడు అవే కాగితములను తిరిగి పరిశీలించి 1975లో వ్రాయుచు, ద్వేషపు ఛాయ ఆబెల్ అనుకొన్నదానికంటె ఎక్కువమందిలో కలదని చూపెను. అయినను ఆయన లెక్కను బట్టియు ఇంచుమించు మూడవవంతు వ్యాసములలో ఆ జాడ లేదు. నార్ట్‌హైము విషయమున ఆలెన్ కనుగొన్నదియు ఇట్టిదే: అచటి జనులు యూదద్వేషముచేత నాజీలు కాలేదు, నాజీలగుటచేత యూదద్వేషమునకు అలవాటుపడిరి.

దీనిని చదివి ఊరట పొందువారు కొందఱుందురు. పాపము, వారు ద్వేషించినవారు కారుగదా యని వారందురు. మాకు మాత్రము ఈ లెక్కయే అన్నిటికంటె భయంకరముగా తోచుచున్నది. ద్వేషించినవాడు కనీసము తాను నశింపజేయువానిని గూర్చి తలచినాడు. వీరు తలచనైన లేదు. తమ కుటుంబమునకు గౌరవమును, తమ దేశమునకు లేవడియు కోరిరి. దాని వెల పరుని ప్రాణమని సరకుమీద స్పష్టముగా వ్రాసియున్నను, ఆ వెల చెల్లింపవలసినది తాము కాదు గనుక దానిని చదువక సంచిలో వేసికొనిరి. ఆ రాజకీయమునకు దుష్టుల ద్వేషము నిప్పయినచో మంచివారి ఉదాసీనత గాలియయ్యెను. గాలి లేక నిప్పు ఎంతదూరము పోగలదు?

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణము కలదు. 1932లో వోటు వేసినవానికి 1942లో జరుగబోవు మారణహోమము ఎట్లు తెలియును? తెలియనిదానికి వానిని దోషిగా నిలుపుట ధర్మమా? ధర్మము కాదని మేమును ఒప్పుకొందుము. వారికి కథయొక్క ముగింపు తెలియదు. కాని ప్రారంభము తెలియును. 1920 ఫిబ్రవరిలో ఆ పార్టీ ప్రకటించిన 25 సూత్రములలో నాలుగవదియే యూదుడు పౌరుడు కాజాలడని చెప్పెను. అది రహస్యముగా దాచిన పత్రము కాదు.

అదియు కాగితము గనుక ఎవరును చదువలేదందురా? 1932 ఆగస్టు నెలలో సైలీషియా ప్రాంతమునందలి పొటెంపా యను పల్లెలో నాజీ దళమువారు రాత్రివేళ ఒక కూలివాని యింట జొఱబడి, అతనిని తల్లియెదుట త్రొక్కి చంపిరి. న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించెను. హిట్లరు ఆ హంతకులకు తంతి పంపి తాను వారికి అండయని లోకమునకు చాటెను. ఇది దేశమందలి పత్రికలన్నిటను వచ్చిన వార్త. తరువాత మూడు నెలలకు, నవంబరులో, మఱల ఎన్నికలు జరిగెను. నాజీలకు సుమారు 20 లక్షల వోట్లు తగ్గినవి. పోయినవన్నియు ఈ కారణముచేతనే పోయెనని మేమనము; ఇతర కారణములును కలవు. కాని తగ్గగా మిగిలినవి 1 కోటి 17 లక్షలు. ఆ కోటి పదునేడు లక్షలమందిలో ఆ తల్లిని గుఱించి వినినవారెందఱో యుందురు. వారిలో పలువురు తల్లులే. విని, అయ్యో యని, చివరకు, "అయినను" అనుకొనిరి. మా యీ వ్యాసమంతయు ఆ "అయినను" అను మాటను గుఱించియే.

కారణము చెప్పుట వేఱు, సమర్థించుట వేఱు. వైద్యుడు రోగకారణమును చెప్పినంతమాత్రమున రోగమును మెచ్చినవాడు కాడు. వారి అవమానము నిజము. దానికి మన సానుభూతి చెల్లును. వారి భయము నిజము. దానికి మన జాలి చెల్లును. కాని అవమానమునుండి అన్యాయమునకు నడచిన త్రోవలో "అయినను" అను గుమ్మమొకటి కలదు. ఆ గుమ్మమును వారు తమ కాళ్లతో తాము దాటిరి. అంతే గాయపడి, అంతే నష్టపడి, దానిని దాటని జర్మనులు కోట్లకొలది యుండిరి. అధికారమును, పోలీసులును, రౌడీదళములును చేతిలో నున్న 1933 మార్చి ఎన్నికలలోను నాజీలకు నూటికి 44 వోట్లకు మించి రాలేదు. ఆ నెల 23వ తేదీన, సర్వాధికారములును హిట్లరున కిచ్చు చట్టము సభకు వచ్చినప్పుడు, కమ్యూనిస్టు సభ్యులు చెఱలోనో అజ్ఞాతములోనో యుండిరి. సభామందిరమున సాయుధదళములు నిలిచియుండెను. అప్పుడు సోషలిస్టు నాయకుడు ఓటో వెల్స్ లేచి ఆ చట్టమును నిరాకరించుచు ప్రసంగించెను. అనుకూలముగా 444 వోట్లు, ప్రతికూలముగా 94. ఆ 94 వోట్లును ఆయన పక్షమువారివే. కావున ఇది జర్మను రక్తమునందలి దోషమని చెప్పువాడు తెలియకయే హిట్లరు వాదమును తలక్రిందులుగా వల్లించుచున్నాడు. రక్తమున దోషము లేదు, గుణమును లేదు. మనస్సున మాత్రము రెండును కలవు.

ఇక సంస్కారప్రియులమైన మనలను గుఱించి ఒక మాట చెప్పక తప్పదు. ఇట్టి రాజకీయమును సమర్థించువారిని చూచి మనము చేయు మొదటి పని నవ్వుట. మూర్ఖులందుము, మూకలందుము, చదువురానివారందుము. తమ్ముడు మాటలాడుచుండగా పత్రిక మడిచి లేచిపోదుము. ఇది ధైర్యముగా మనకు తోచును. కాని పైన చెప్పిన విచారమంతయు నిజమైనచో, ఆ రోగమునకు బీజము అవమానమే గదా? అవమానముచేత పుట్టినదానిని అవమానముచేత మాన్పబూనుట నిప్పును నేతితో ఆర్పుటవంటిది. మన నవ్వు వినినవాడు తన నాయకుడు చెప్పినదే నిజమనుకొనును: "చూచితివా, వీరు నిన్ను మనుష్యునిగా నెంచరు." వాదమున మనము గెలుతుము, వానిని మాత్రము కోలుపోవుదుము.

అట్లని తలయూచి యూరకుండుటయు ధర్మము కాదు. మౌనము అర్ధాంగీకారమని పెద్దలే చెప్పిరి. మాకు తోచిన మార్గమిది: గాయమును ఒప్పుకొనవలెను, శత్రువును ఒప్పుకొనరాదు. "నీ పని పోయినమాట నిజము, నీ చదువునకు తగిన గౌరవము దొరకనిమాట నిజము, అది నాకును బాధగా నున్నది" అనుటకు మనకు నోరు రావలెను. "కాని దానిని చేసినది ఆ వీథిలోని ఆ మనుష్యుడు కాడు, వాని యింటిమీద రాయి పడినచో నేను నీవైపున నిలువను" అనుటకును నోరు రావలెను. మొదటి మాట లేని రెండవ మాట చెవికెక్కదు. రెండవ మాట లేని మొదటి మాట పిఱికితనము.

అన్నిటికంటె ముఖ్యమైన పని సభలలో గాక యింటిలో జరుగవలసియున్నది. 1950లో అడోర్నో మొదలగు పండితులు అమెరికాలో నిరంకుశస్వభావమును గుఱించి ఒక పెద్ద గ్రంథము ప్రకటించి, కఠినమైన దండనముతో, ప్రశ్నింపరాని పెత్తనము క్రింద పెరిగిన బిడ్డలలో ఆ స్వభావము పాదుకొనునని వాదించిరి. వారి కొలతలలో లోపములు కలవని తరువాతివారు చూపిరి. ఒక్క పెంపకమే సమస్తమునకు కారణమని మేమును అనజాలము. కాని మన యిండ్లలోనికి చూచినచో ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కచ్చేరిలో పైయధికారిచేత మాట పడివచ్చిన తండ్రి ఇంట భార్యపై కేకవేయును. ఆమె పెద్దకొడుకును కసరును. వాడు చెల్లెలి జడ లాగును. ఆ పిల్ల పనిమనిషి బిడ్డను "నీవు మా గడప ఎక్కరా"దనును. పైనుండి క్రిందికి అవమానము మెట్లు దిగుచు వచ్చి, కడపటి మెట్టున నున్న బిడ్డమీద విశ్రమించును. ఆ యిల్లు చిన్నది గనుక చరిత్రకెక్కదు. ఇట్టి యిండ్లు లక్షలు చేరినప్పుడు ఒక నాయకునికి వలసినదంతయు సిద్ధముగా నుండును. అతడు చేయవలసినదెల్ల కడపటి మెట్టున నెవరిని నిలుపవలెనో చెప్పుటయే.

కనుక చదువరులకు మేము మనవి చేయునది చిన్న విషయము. ఏ నాయకుని మాటయైనను, ఏ పక్షమువానిదైనను, మన గుండెను పొంగించినప్పుడు ఒక్క నిమిషమాగి మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ మాట నాలోని దేనిని సంతోషపెట్టెను, నా ధర్మబుద్ధినా, నా గాయమునా? ఇతడు నాకిచ్చు గౌరవము నిలుచుటకు నా క్రింద మఱొకడు పడియుండవలెనా? దీని వెల చెల్లింపవలసినవాడను నేనే యైనచో అప్పుడును చేయి యెత్తుదునా? ఈ ప్రశ్నలకు పాండిత్యముతో పని లేదు. వంటయింటిలోనైనను, అరుగుమీదనైనను వేసికొనవచ్చును. బిడ్డలకును నేర్పవచ్చును.

ఓటో వెల్స్ స్వదేశమును విడిచి 1939లో పారిసు నగరమున చనిపోయెను. ఆనాడు ఆయన వోటు ఆ చట్టమును ఆపలేదు. ఆపజాలదని లేచి నిలుచునప్పుడే ఆయనకు తెలిసియుండును. అయినను నిలిచెను. "అయినను" అను మాటను అటులును వాడవచ్చునని ఆయన చూపెను. మనకు కలిగిన అవమానము నిజమే. అయినను దానిని మఱొకని నెత్తిన వేయము అని చెప్పగల మనుష్యులు ఒక్కొక్క యింట ఒక్కరున్నను ఆ యింటి మెట్లపై నుండి దిగివచ్చు అవమానము వారికడ ఆగిపోవును.